లింకు పెట్టేముందు హక్కులు చూసుకోండి

షార్ట్‌ఫిల్మ్ తీశాం, యూట్యూబ్‌లో పెట్టేశాం. తర్వాతేంటి? సినిమా రంగంలో అవకాశం వెతుక్కునే విద్యార్థులందరి ప్రశ్నా ఇదే.

లఘుచిత్రాలతో మొదలైన తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్ళిచూపులు’ తీశారు. అదే దారిలో వచ్చిన వినోద్ అనంతోజు తొలి సినిమా ‘మిడిల్ క్లాస్ మెలోడీస్’ 2020లో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో ఇంటికే వచ్చింది. 2021లో కొత్తవాళ్లతో తీసిన ‘సినిమా బండి’ నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. దాని వెనక నిర్మాతలుగా రాజ్, డీకే ఉన్నారు. అంటే థియేటర్ దొరక్కపోయినా ఫర్వాలేదు కానీ, నమ్మే నిర్మాత కావాలి. ఆ నిర్మాతకు మీరు చూపించే బయోడేటాయే షార్ట్‌ఫిల్మ్.

దాంతోనే డబ్బులొస్తాయా? యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే మామూలు వీడియోలకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఒకట్రెండు చిత్రాలతో అది కష్టం. అందుకే ‘మా చానెల్‌లో వేస్తాం, ఇచ్చేయండి’ అని ఎవరైనా అడగ్గానే చాలామంది సరే అనేస్తారు. తొందరపడొద్దు!

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే దేశమంతటికీ ఇచ్చినట్టుగా లెక్క. పైగా చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే, దర్శకుడు కాదు. స్నేహితులంతా తలా కొంత వేసుకుని తీస్తుంటే, నిర్మాత ఎవరో షూటింగుకు ముందే కాగితంమీద పెట్టండి. సినిమా పాటల్ని అనుమతి లేకుండా వాడకండి.

పేరొచ్చాక గొడవపడేకంటే ముందే రాసుకోవడం మేలు.