నీళ్లు రాని రెండో పంటకు దున్నని మినుము

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్లన్నీ మార్చాలి గనుక 2025-26లో రెండో పంటకు నీళ్లివ్వలేమన్నారు. సింధనూరు, గంగావతి, కారటగి వైపు మన క్యాంపుల్లో ఇదే దిగులు. ఆ నష్టాన్ని మేము తక్కువ చేసి చెప్పడం లేదు.

కానీ నేల సంగతీ చూడాలి. ఏళ్ల తరబడి వరి మీద వరే వేశాం. దమ్ము చేసి చేసి కింద గట్టి పొర పడింది, చాలాచోట్ల చౌడు తేలింది. మన పెద్దలు కోస్తా నుంచి వరి తెచ్చుకున్నారు గానీ, వరి వెనకే దున్నకుండా మినుము, పెసర చల్లే అలవాటును అక్కడే వదిలేసి వచ్చారు!

అపరాల వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టిస్తాయి. రాలిన ఆకు, కుళ్లిన వేళ్లు తర్వాతి వరికి బలం. దున్నకపోతే మిగిలిన పదును నిలుస్తుంది. అయితే దుక్కి మానేసి మళ్లీ అదే పంట వేస్తే మాత్రం తెగుళ్లూ కలుపూ ముదురుతాయి.

చిక్కులు లేకపోలేదు. డెల్టాలో కోతకు రెండు మూడు రోజుల ముందే విత్తనం చల్లుతారు. మనకు కోత మిషన్ చక్రాల కింద మొలక నలిగిపోతుంది, కాబట్టి కోసిన వెంటనే పదునులో వేయాలి. కొయ్యకాళ్లు కాల్చకూడదు. చౌడు ముదిరిన మడిలో మినుము రాదు. పల్లాకు తెగులు, బంగారు తీగ డెల్టా రైతునూ వేధించేవే.

అసలు అడ్డు కౌలు. బస్తాల లెక్కన కౌలు కట్టేవాడు నేల బాగు కోసం ఒక పంట వరి ఎలా వదులుకుంటాడు? నీళ్లే రానప్పుడు ఎలాగూ ఆ వరి లేదు. భూమి గల మన పెద్దలు ఈ అపరాల పంటకు కౌలు అడగకుంటే, ఎకరమైనా వేసి చూస్తారు.