నడుము నొప్పికి పడకయే మందా?

నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని భిలాయి ఉక్కు కర్మాగారము సోవియట్ దేశపు సాయముతో నిర్మితమైనది. దాని మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. పనికై ఆ పట్టణము చేరి స్థిరపడిన తెలుగువారు అనేకులు కలరు. బరువులెత్తుట, వంగి పనిచేయుట, క్రేనుపై గంటల తరబడి కూర్చుండుట మున్నగు పనులవలన నడుము నొప్పి కలుగుట సహజము. యంత్రమునకు వేళ తప్పక నూనె వేయు కార్మికుడు తన నడుమును మాత్రము అది మొరాయించువరకు పట్టించుకొనడు. పిమ్మట మంచము పట్టును.

ఈ అలవాటు మారవలెను. మూడు నెలలకు మించి నిలిచిన నొప్పిని దీర్ఘకాలికమందురు. ఇట్టివారిలో పెక్కుమందికి ప్రత్యేక వ్యాధి యేదియు కానరాదు. వారు నొప్పికి వెరచి పరుండినచో కండరములు బలము కోల్పోయి, వంగుట మరింత కష్టమగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన మార్గదర్శకములు వ్యాయామమును సిఫారసు చేసినవి. నడుము బెల్టులను, నడుమును లాగు చికిత్సను వాడవలదన్నవి.

కండరములను సాగదీయుటకు ఖర్చు లేదు. వెల్లకిల పరుండి, ఒక మోకాలిని రెండు చేతులతో రొమ్మువైపు మెల్లగా తీసికొనవలెను. తరువాత పాదమునకు తువాలు తగిలించి, తొడ వెనుక బిగువు తోచువరకు కాలు పైకెత్తవలెను. ఒక్కొక్క మారు 20 మొదలు 30 సెకనులు నిలిపి, రెండు కాళ్లకును రెండు మూడు మారులు చేయవలెను. కుదుపరాదు, ఊపిరి బిగబట్టరాదు. బిగువు తోచవచ్చును గాని నొప్పి హెచ్చరాదు.

ఇది యొక్కటియే చాలదు. నడకయు, పొట్ట, వీపు కండరములకు బలమిచ్చు వ్యాయామమును దీనికి తోడు కావలెను. ఫిజియోథెరపిస్టు వద్ద ఒకమారు నేర్చుకొనుట మేలు. కాలు చచ్చుబడినను, మలమూత్రములపై అదుపు తప్పినను, నొప్పితో జ్వరము వచ్చినను, దెబ్బ తగిలి నొప్పి కలిగినను వెంటనే వైద్యుని చూడవలెను.

దినకూలిపై బ్రదుకు కాంట్రాక్టు కార్మికుడు మంచము పట్టినచో ఇంట పొయ్యి వెలుగుట కష్టమగును. కావున షిఫ్టు మొదట పది నిమిషములు ఇందుకై కేటాయించుట పర్యవేక్షకుల విధి. ఇంటివారును “కదలవద్దు” అనుటకు మారుగా, “మెల్లగా కదలుము” అని ప్రోత్సహింపవలెను.