ముద్దు చేసిన పాపం

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు ఊరివారి కంటబడ్డాయి. అటవీశాఖవారు తల్లిపులి కోసం గాలించారు. అది ఫలించక, కూనలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు తరలించారు. వాటి ముద్దుమోములు చూసి అందరమూ మురిసిపోయాం. నాకు మాత్రం ఆ ఫలించని గాలింపే అన్నిటికన్నా గొప్ప సేవ అనిపించింది.

పాలు పట్టవచ్చు, గాయం మాన్పవచ్చు. కానీ వేట నేర్పేది తల్లే. ఆ చదువు దాదాపు రెండేళ్ళు సాగుతుంది. వేట రాని పులి, మనిషంటే బెరుకు పోయిన పులి అడవిలో బతకలేవు.

చిన్నతనంలో నేనొక ఉడుతపిల్లను దూదిలో పెట్టి పెంచాను. అది భయమెరుగక పెరిగింది. ఒకనాడు పిల్లి వస్తే పారిపోలేదు. దాన్ని చంపింది పిల్లి కాదు, నా ముద్దేనని ఇప్పటికీ అనుకుంటాను.

గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్ల అనాథ కాకపోవచ్చు. తల్లి దాన్ని అక్కడ దాచి మేతకు వెళ్ళి ఉండవచ్చు. అందుకే ముందు దూరంగా జరుగుదాం. గాయపడి ఉంటే అటవీశాఖకు కబురు చేద్దాం. దయ అంటే ఎత్తుకోవడమే కాదు, ఎత్తుకోకుండా ఉండగలగడం కూడా. మీరేమంటారు?