పాకం పరీక్ష

పిల్లలూ! మొన్న మా ఇంట మరమరాల ఉండలు కట్టాము. మొదటి వాయి విడిపోయింది. మనవరాలు చిన్నబుచ్చుకున్నది. తప్పు నాదే, తొందరపడి పాకం దించాను.

బియ్యపు గింజలోని తేమ వేడి ఇసుకలో ఒక్కసారిగా ఆవిరై గింజను పొంగిస్తుంది. అందుచేతనే మరమరాలు గుల్లగా ఉంటాయి. పాకంలో నీరు మిగిలితే దాన్ని పీల్చుకుని మెత్తబడతాయి.

4 గ్లాసుల మరమరాలకు ముప్పాతిక గ్లాసు బెల్లం, కొద్ది నీళ్లు. పాకం చుక్కను చన్నీళ్లలో వెయ్యండి. కరిగిపోతే ఇంకా కాగాలి. గట్టి ఉండై, పళ్లెంలో వేస్తే టంగుమంటే దించి మరమరాలు కలపాలి. పాకం మరిగే నీటికన్న వేడి, కనుక ఆ పని పెద్దలది. గోరువెచ్చగా ఉండగానే, చేతికి నెయ్యి రాసుకుని ఉండలు కట్టడం మీది.

రెండవ వాయి కరకరలాడింది. మొదటిది నేను చెంచాతో తిన్నాను. అదే నాకు శిక్ష!