రాజమండ్రి అంటే హోటల్ రూమేనా?

పోయిన శీతాకాలం మా టీమ్ వాళ్ళు ఏడుగురు కలిసి మా ఊరు ట్రిప్ వేశారు. రిలీజ్ ఉండి నాకు సెలవు దొరకలేదు. ఊరు నాదే కాబట్టి (2015లో పేరు రాజమహేంద్రవరం అయ్యింది గానీ, మా నోటికి ఇంకా రాజమండ్రే) ప్లాన్ ఒకసారి చూడమని ఎక్సెల్ షీట్ పంపారు. శనివారం మారేడుమిల్లి, వస్తూ కడియం నర్సరీలు, ఆదివారం పాపికొండలు, సాయంత్రానికి అంతర్వేది, రాత్రికి ట్రైను. మారేడుమిల్లి ఊరికి ఉత్తరాన 80 కిలోమీటర్ల పైన, అంతర్వేది దక్షిణాన దగ్గర దగ్గర 100. పాపికొండల బోటు ఒక్కటే రోజంతా తినేస్తుంది. "ఇందులో రాజమండ్రి ఎక్కడరా?" అనడిగితే "మీ ఊళ్ళో ఏముంది బాస్, హోటల్ రూమే కదా" అన్నాడొకడు :)

అంతర్వేది తీసేయించాను. మిగతాదంతా వాళ్ళిష్టం.

సోమవారం వచ్చి ఫోటోలు చూపించారు. బోటు మీద పాటలు, డాన్సులు, వెనక కొండలు, అంతా బానే ఉంది. కానీ ఒక్కడి ఒంటి మీద కూడా లైఫ్ జాకెట్ లేదు. అన్నీ కుర్చీల మీద ఉన్నాయి. అడిగితే "ఉక్కపోస్తుందిరా, అయినా ఫోటోల్లో బాగోదు" అన్నారు. డిసెంబర్లో ఉక్కపోతేంటో!

నాకు కోపం ఎందుకొచ్చిందో చెప్తాను. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకి వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అప్పుడు గోదారి వరద మీదుంది. యాభై మంది దాకా పోయారు. ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళు పడవలేసుకొచ్చి దొరికినవాళ్ళని దొరికినట్టు లాగారు కాబట్టి కొందరైనా బతికారు. నేనప్పుడు ఇంజినీరింగ్‌లో ఉన్నాను. రోజుల తరబడి టీవీ ముందు కూర్చుని మా అమ్మ ఏడుస్తూనే ఉంది, అందులో మావాళ్ళెవరూ లేకపోయినా. ప్రొడక్షన్‌లో బ్యాకప్ లేకుండా ఒక్క కమాండ్ కొట్టని వాళ్ళు, అంత లోతు నీళ్ళ మీద జాకెట్ బరువనుకుంటే ఏమనాలి?

అందుకని నా మాట ఇదీ. వానాకాలంలో, వరద రోజుల్లో బోటు మాటే ఎత్తకండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య రండి. జాకెట్ ఇవ్వకపోతే దిగిపోండి, డబ్బులు పోతే పోయాయి.

ఇక ఊళ్ళో ఏముంది అన్న ప్రశ్న. సాయంత్రం ప్యాసింజర్ ఎక్కి కొవ్వూరులో దిగండి. గోదారి మీదకి రాగానే పక్కనున్న పెద్దావిడ ఎవరో చిల్లర తీసి నీళ్ళలోకి విసురుతుంది, మీరూ విసరండి. తిరిగొచ్చేటప్పుడు రోడ్-కమ్-రైలు వంతెన మీద ఆటోలో రండి. అది 1974 నాటిది. దాని తోబుట్టువులు రెండు: 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన హేవలాక్ వంతెన, దాని బదులు వచ్చిన ఆర్చి వంతెన. ఊరు తూర్పు గట్టున ఉంది కాబట్టి సూర్యుడు అవతల కొవ్వూరు వైపు నీళ్ళ మీద దిగుతాడు. ఆ టైముకి ఏదో ఒక ఘాట్ మెట్ల మీద ఉండండి చాలు, ఫోన్ జేబులో పెట్టుకుని.

మర్నాడు పొద్దున ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ఇప్పుడు మనం చూసేది తర్వాత దాని స్థానంలో కట్టిన బ్యారేజి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. గోదారి అక్కడే గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది. కోనసీమ కొబ్బరితోటల్లో ఫోటోలు దిగేవాళ్ళు ఒక్క గంట ఇక్కడ ఆగితే, ఆ పచ్చదనానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వెళ్తున్నాయో తెలుస్తుంది. నేను నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివి కట్టింది ఏమిటంటే... సరే వదిలేయండి.

టైముంటే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. 1897లో పుట్టి 1925లో పోయాడు. అంటే ఇంచుమించు నా వయసు. ఆ బొమ్మలన్నీ ఆలోపే వేశాడు. తెరిచుందో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి.

2027లో మళ్ళీ పుష్కరాలు. "మొదటిరోజే, పుష్కర ఘాట్‌లోనే" అని పట్టుబట్టే పెద్దవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు. 2015లో మా అమ్మమ్మా అలాగే పట్టుబట్టింది. మా నాన్నగారు "గోదారంతా ఒకటే నీళ్ళండీ అత్తయ్యగారూ" అని వేరే రేవుకి తీసుకెళ్ళారు. ఆవిడ దారంతా ఆయనతో మాట్లాడలేదు. ఆ పొద్దునే, జులై 14న, పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. మధ్యాహ్నం టీవీలో చూసి అమ్మమ్మ ఏమీ అనలేదు, నాన్నగారికి అన్నం తనే వడ్డించింది.

మా టీమ్ వాళ్ళు మళ్ళీ వస్తారట. ఈసారి షీట్ నేనే రాస్తున్నాను. ఒకరోజంతా ఊళ్ళోనే, మధ్యలో రోజ్ మిల్క్‌కి అరగంట.