తూకం మొండికేసిందా?

‘ఆపరేషన్‌ అయి ఆరు నెలలైంది. మొదట్లో బట్టలన్నీ వదులైపోయేంతగా తగ్గాను. ఇప్పుడేమో మూడు వారాలుగా అర కిలో కూడా తగ్గడం లేదు. పొట్ట మళ్లీ సాగిపోయిందేమో!’

బేరియాట్రిక్‌ సర్జరీ చేయించుకున్నవారిలో చాలామందిని ఏదో ఒక దశలో పట్టి పీడించే భయమిది. దీనికి తోడు ఇంట్లోవాళ్ల మాటలు... ‘అంత డబ్బు పోసి చేయించుకుంది ఇందుకేనా?’ అని. దాంతో కొందరు తిండి ఇంకా తగ్గించేస్తారు. మరికొందరు ‘ఇక ఇంతేలే’ అనుకుని డాక్టర్‌ దగ్గరికి వెళ్లడమే మానేస్తారు. బరువు కొన్నాళ్లు ఆగడం కన్నా ఈ రెండు పనులే ఎక్కువ ప్రమాదం.

ఎందుకు ఆగుతుంది?

మొదటి ఆటంకం చాలామందికి మూడో వారం ప్రాంతంలోనే ఎదురవుతుంది. తొలిరోజుల్లో తగ్గేదంతా కొవ్వు కాదు. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్‌ను శరీరం ముందుగా వాడుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే ఆ నీరూ పోతుంది. అందుకే అప్పుడు బరువు గబగబా దిగుతుంది. ఆహారం కాస్త పెరిగాక ఆ నిల్వలు, వాటితోపాటు నీరు కొంత తిరిగి చేరతాయి. లోపల కొవ్వు కరుగుతున్నా తూకం మాత్రం కదలదు.

నెలలు గడిచాక వచ్చే ఆటంకానికి కారణం వేరు. 120 కిలోల శరీరాన్ని మోయడానికి కావలసినంత శక్తి 90 కిలోల శరీరానికి అక్కర్లేదు. పైగా తిండి తగ్గినప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1944-45లో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం ఆహారమే ఇచ్చి పరిశీలించారు. వాళ్ల శరీరాలు శక్తి ఖర్చును బాగా తగ్గించేసుకున్నాయి. బరువు తగ్గడమూ నెమ్మదించింది. ఆపరేషన్‌ తర్వాత మన శరీరం చేసేదీ అదే.

1987లో మొదలైన స్వీడన్‌ అధ్యయనంలో గ్యాస్ట్రిక్‌ బైపాస్‌ చేయించుకున్నవారు తొలి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ల తర్వాత చూస్తే అది 25 శాతం దగ్గర నిలిచింది. అంటే ఒకచోట ఆగడం, తర్వాత కొంత పెరగడం కూడా మామూలే. అయినా నాలుగో వంతు బరువు పదేళ్లపాటు దూరంగా ఉండటం చిన్న విషయం కాదు.

కంచంలో ముందు ఏమిటి?

మన భోజనంలో పెద్ద పీట అన్నానిది. కానీ ఆపరేషన్‌ తర్వాత పొట్టలో పట్టేదే కొంచెం. ముందు అన్నం తింటే పప్పుకూ గుడ్డుకూ చోటుండదు. ప్రొటీన్‌ చాలకపోతే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. కండ తగ్గేకొద్దీ శరీరం ఖర్చు చేసే శక్తీ తగ్గుతుంది. సాధారణంగా రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్‌ తీసుకోమంటారు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, 100 గ్రాముల పనీర్‌లో 18 గ్రాముల దాకా, అంతే వండిన చికెన్‌లో సుమారు 25 గ్రాములు ఉంటుంది. సాంబారు, చారు పోసుకుంటే ఆ లెక్క తీరదు. ముందు గుడ్డు, చేప, పనీర్‌, గట్టిపప్పు, తర్వాత కూర, చివర్లో చోటుంటే రెండు ముద్దల అన్నం. ఇదీ వరస.

దొంగదారులు

పొట్ట చిన్నదైనా సులువుగా జారిపోయే తిండి కొంత ఉంది. ఒక్క చపాతీ తినలేనివారు కూడా టీలో ముంచుకుని బిస్కెట్‌ పొట్లం మొత్తం తినేయగలరు. కారప్పూస, ఐస్‌క్రీం, పండ్ల రసాలు, కూల్‌డ్రింకులు కూడా ఆ బాపతే. ఒక వారంపాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ కాగితం మీద రాసి చూడండి. లెక్క తేలుతుంది. నీళ్లు భోజనంతోపాటు కాకుండా అరగంట తర్వాత, కొంచెం కొంచెంగా తాగాలి.

నడక మంచిదే, కానీ కండ నిలవాలంటే అది ఒక్కటే చాలదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, కూర్చోవడం, రబ్బరు బ్యాండ్లతో వ్యాయామాలు... డాక్టర్‌ సరేనన్నాక వారానికి రెండు మూడుసార్లు చేయాలి. నిద్ర చాలకపోయినా ఆకలి పెరుగుతుంది. ఇన్సులిన్‌, స్టెరాయిడ్లు, కుంగుబాటుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా బరువు ఆగొచ్చు. అలాగని సొంతంగా మానేయకూడదు, డాక్టర్‌తో మాట్లాడాలి.

పస్తులు వద్దు

ఆగింది కదా అని కడుపు మాడ్చుకుంటే కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది. వాంతులవుతూ తిండి కూడా సరిగ్గా లేకపోతే బి1 విటమిన్‌ లోపించి నరాలు, మెదడు దెబ్బతినొచ్చు. ఒకటి రెండుగా కనిపించడం, నడకలో తూలడం, తికమకపడటం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టర్‌ రాసిన విటమిన్‌, ఐరన్‌, కాల్షియం మాత్రలు బరువు తగ్గినా ఆగినా మానకూడదు.

అన్నీ పాటిస్తున్నా తొలి ఏడాదిలోనే రెండు మూడు నెలలు కదలిక లేకపోయినా, బరువు పెరుగుతున్నా, ఆకలి మునుపటిలా వేస్తున్నా సర్జన్‌ను, డైటీషియన్‌ను కలవాలి. అవసరమైతే ఎండోస్కోపీతో లోపల ఎలా ఉందో చూస్తారు. కొందరికి సెమాగ్లూటైడ్‌ వంటి మందులు సూచిస్తున్నారు. సాయం అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంట్లోవాళ్లకు...

రోజూ ‘ఎంత తగ్గావు?’ అని అడగొద్దు. తూకం వారానికి ఒకసారి చాలు. దాంతోపాటు నడుం కొలతా రాసుకోవాలి. షుగర్‌ మాత్రలు తగ్గాయా, మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి... ఇవీ లెక్కలోకి రావాలి. పండగ రోజు ‘ఒక్క అరిసెకేం కాదులే’ అని బలవంతం చేయకండి. సాయంత్రం నడకకు మీరూ తోడు వెళ్లండి. తర్వాతి చెకప్‌ తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టి, ఆ రోజు మీరే వెంట తీసుకెళ్లండి.