శాలువాలకు ఆవల

విశ్వనాథ సత్యనారాయణగారు 1959 నుండి 1961 వరకు ప్రధానాచార్యులుగా నుండిన ప్రభుత్వ కళాశాల గల కరీంనగర సీమలో, నేడు చిన్న పట్టణముల డిగ్రీ కళాశాలలయందు తెలుగు, చరిత్ర శాఖల కార్యక్రమమనగా ఒక బ్యానరు, జ్యోతి ప్రజ్వలనము, ఒక క్విజ్ పోటీ, అతిథికి శాలువా, మరునాటి పత్రికలో ఛాయాచిత్రము, ఇంతటితో సరియనుకొనుట నాకు మింగుడుపడని విషయము. అతిథి మాటాడుచుండగా వెనుక బల్లలవారు ఊరి బస్సు వేళ చూచుకొనుచుందురు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు.

గోదావరిలో పెద్దవాగు కలియు కోటిలింగాలలో శాతవాహనుల తొలి నాణెములు దొరకినవి, ధూళికట్టలో బౌద్ధస్తూపమున్నది, ఆదిలాబాదు సీమలోని గుంజాలలో వెలుగుచూచిన వ్రాతప్రతులలోని గోండి లిపి, పండితుల శ్రమవలన, 2018లో యూనికోడునకు సైతము ఎక్కినది. ఇన్ని చెంతనుంచుకొని క్విజ్ పోటీలా! అధ్యాపకుడు పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని గుంజాలకేగి, ఆ లిపి చదువగల పెద్దలయొద్ద కూర్చుండి, వారిచే ఒక్కొక్క అక్షరము దిద్దించినచో, దాని వ్యయము సన్మానసభ వ్యయమును మించునని నేననుకొనను. అయితే అందులకు కాలపట్టికలో రెండు దినములు విడువవలెను, ప్రయాణపు బిల్లుపై ప్రిన్సిపాలు సంతకము పడవలెను. శాఖాధ్యక్షులు ఈ యేడు మొట్టమొదట అడుగవలసినది ఆ సంతకమే.